బత్తాయి చెట్టుకు ఏడు కుట్లు

ఆ వీధిలో ఆమెను అందరూ కత్తెరమ్మ అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ సరిగ్గానే పెట్టారు. ఇరవై రెండేళ్ళుగా బట్టలు కుడుతోంది. బల్ల మీద గుడ్డ పరిచి, అరచేత్తో రెండుసార్లు నిమిరి, సుద్దగీత కూడా గీయకుండా కత్తెర ఆడించేస్తుంది. ఇన్నేళ్ళలో ఒక్క చొక్కా పాడుచేసిందని ఎవరూ వేలెత్తి చూపలేదు. తన చేతి మీద ఆమెకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. ఆ నమ్మకమే ఒకసారి ఆమె కొంప ముంచబోయింది. ఆ సంగతే ఇది.

ఆమె భర్త లిఫ్టు మెకానిక్కు. ఏడో అంతస్తులో ఎవరో ఇరుక్కుపోయారని ఫోనొస్తే తింటున్న కంచం వదిలేసి పరిగెత్తే మనిషి. అదే ఇంట్లో పని చెప్పి చూడండి, ఆయన నోటివెంట వచ్చేది ఒక్కటే మాట: "రేపు." తలుపు గడియ ఊడిందంటే రేపు. పెరటి కుళాయి కారుతోందంటే రేపు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఆయన చేతుల మీద నడుస్తుంటే ఇంట్లో కిటికీ తలుపు మాత్రం ఇంకా తాడుతోనే కట్టి ఉంది. చెప్పీ చెప్పీ విసిగిపోయిన కత్తెరమ్మ ఆయనకు రేపుగారు అని పేరు పెట్టేసింది. ఆయన దానికీ నొచ్చుకోలేదు.

ఈ ఇల్లు వాళ్ళ సొంతం కాదు, రేపుగారి అక్కది. ఆవిడ కత్తెరమ్మకు వదిన. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. ఆవిడ వార్డులోకి అడుగుపెడితే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సవరించుకునేవారని చెప్పుకునేవారు. రేపుగారు ఇప్పటికీ అక్క ఫోను మోగితే కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడి మాట్లాడతాడు.

వదిన భర్త పోయి ఆరేళ్ళయింది. ఆ తరవాత ఆవిడ ఈ ఇంట్లో ఉండలేక, ఊరికి అటు చివర రెండు గదుల వాటాలోకి మారిపోయింది. ఇల్లు అద్దెకిస్తే, వచ్చినవాళ్ళు పెరటిని చెత్తకుప్ప చేసి పోయారు. చివరికి ఒకరోజు తమ్ముణ్ణీ మరదల్నీ పిలిచి తాళంచెవి చేతిలో పెట్టింది.

"ఇల్లు మీ ఇష్టం. గోడలకి మేకులు కొట్టుకోండి, రంగులు మార్చుకోండి, నేనేమీ అడగను. వెనక బత్తాయి చెట్టుంది. అది మాత్రం బతకాలి. అంతే," అంది.

ఆ 'అంతే' వెనక ఏముందో కత్తెరమ్మకు తెలుసు. అన్నయ్యగారు, అంటే వదిన భర్త, తపాలా ఆఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసేవాడు. మనిషి బంగారం గానీ, చేతుల్లో పనితనం సున్న. మేకు కొడితే బొటనవేలు నల్లబడేది, చొక్కా గుండీ కూడా భార్యే కుట్టి పెట్టేది. అలాంటి మనిషి, చిన్నప్పుడు తను చదువుకున్న బడి వెనకున్న బత్తాయి చెట్టు మీద మమకారంతో ఓ రెమ్మ తెచ్చి, తన చేత్తో తనే అంటుకట్టాడు. జీవితంలో ఆయన చేతుల్తో చేసి నిలబెట్టింది అదొక్కటే. ఆ బడీ లేదు, ఆ బడి చెట్టూ లేదు, రోడ్డు కింద పోయాయి. ఇప్పుడు ఆయనా లేడు. మిగిలింది ఈ చెట్టే.

కత్తెరమ్మ మొదటిసారి పెరటి తలుపు తోసినప్పుడు కళ్ళు తిరిగాయి. రెండు జామ చెట్లు, ఒక అంజూర, ఒక దానిమ్మ, మూలన బత్తాయి. అన్నీ ఉన్నాయి, ఏదీ సరిగ్గా లేదు. జామ కొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సంతలో జనంలా ఉన్నాయి. దానిమ్మ చెట్టో పొదో తెలియడం లేదు. అంజూరకు సగం పుల్లలు ఎండిపోయి ఉన్నాయి. వీటన్నిటి మీదా ఏదో తీగ దుప్పటిలా కప్పేసింది. కింద విరిగిన కుర్చీలు, రంగు డబ్బాలు, ఒంటి చెప్పులు. వాటి జత చెప్పులు ఎక్కడున్నాయో ఆ అద్దెవాళ్ళకే తెలియాలి.

"ఏమండీ, దీన్ని తోటగా చెయ్యాలి," అంది కత్తెరమ్మ.

"చేద్దాం," అన్నాడు రేపుగారు. ఎప్పుడో చెప్పక్కర్లేదు కదా.

ఆమె ఇక ఆయన కోసం చూడలేదు. రెండు వీధుల అవతల ఒక నర్సరీ ఉంది. దాని యజమాని డెబ్బై దాటిన పెద్దమనిషి. ఒక కంటికి శుక్లం ముదిరింది, రెండో కంటికి మొదలైంది. కత్తెరమ్మ ఆయన్ని బాబాయ్ అని పిలిచి, ఆయన లుంగీలకు అంచులు కుట్టిచ్చి, బదులుగా పాఠం చెప్పించుకుంది.

"చూడమ్మాయ్, ముందు ఎండినవి తీసెయ్. తరవాత రాసుకుంటున్నవి. ఆ తరవాత లోపలికి పెరుగుతున్నవి. మూడో వంతు దాటకు. చెట్టుకి కోపమొస్తే నాలుగేళ్ళు మాట్లాడదు," అన్నాడాయన.

కత్తెరమ్మకు ఈ పాఠం ఎక్కినంత తొందరగా ఇంకే పాఠమూ ఎక్కలేదు. ఉన్న గుడ్డలో ఎక్కువ తీసేసి మనిషికి సరిపడేది మిగల్చడమే కదా ఇన్నేళ్ళూ చేసింది. రోజూ పొద్దున్నే రెండు గంటలు పెరట్లో, ఆ తరవాతే కుట్టుమిషను. తీగను వేళ్ళతో సహా పీకింది. దానిమ్మకు ఇరవై మొదళ్ళుంటే ఐదు ఉంచింది. జామలకు నడుమ కొమ్మలు తీసేసరికి ఎండ నేల దాకా దిగింది. పది రోజులకే అంజూర కొత్త ఆకు తొడిగింది. దాన్ని చూసినప్పుడు ఆమె ఛాతీలో ఏదో బరువు దిగినట్టయింది. ఇన్నేళ్ళు మేడ మీద అద్దె గదిలో మిషను తొక్కిన మనిషి, తనకంటూ కాసిని చెట్లు ఉండడం ఇంత హాయిగా ఉంటుందని అనుకోలేదు. ఖాళీల్లో పెట్టడానికి ఒక నిమ్మ, ఒక సపోటా, రెండు మల్బరీ మొక్కలు కావాలని బాబాయికి చెప్పి వచ్చింది. వచ్చే శనివారం తనే తెచ్చి నాటి పెడతానన్నాడాయన.

దానికి ముందు ఆదివారం బత్తాయి వంతు వచ్చింది.

చివరిదాకా ఎందుకు ఆపిందంటే, భయభక్తులు. వదిన చెట్టు కదా, చెయ్యి బాగా తిరిగాక ముట్టుకుందామనుకుంది. ఇప్పుడు తిరిగిందనుకుంది. చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, కొలతలు తీసేటప్పుడు చూసినట్టు కింది నుంచి పైదాకా చూసింది. మొదట్లోంచి నాలుగు కొమ్మలు నిలువుగా లేచి ఉన్నాయి. పచ్చగా, నున్నగా, బలంగా, మొనదేలిన పెద్ద పెద్ద ముళ్ళతో. వాటి మధ్య నుంచి ఒక ముసలి కొమ్మ పక్కకు వాలి, వంకర తిరిగి, పాచి పట్టి, పది గుప్పెళ్ళ ఆకులతో ఈసురోమంటూ ఉంది.

ఏది ఉంచాలో ఏది తియ్యాలో చిన్నపిల్లకైనా తెలుస్తుంది, అనుకుంది కత్తెరమ్మ. రంపం పట్టింది. వంకర కొమ్మను మొదట్లోకి, కుట్టు పక్కన దారం తెంపినంత నున్నగా కోసేసింది. ముళ్ళు గీరిన చేతుల్ని కడుక్కుంటూ వెనక్కి తిరిగి చూసింది. నాలుగు కొమ్మలూ గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. తన పనికి తనే ముచ్చటపడింది.

సాయంత్రం వదిన ఫోను చేసింది. ఆవిడ ప్రతి ఆదివారం చేస్తుంది, ముందు చెట్టు సంగతి, తరవాతే తమ్ముడి సంగతి.

"చెట్టెలా ఉంది?"

"తల దువ్వి జడేసినట్టుంది వదినా! మీరొచ్చి చూడాలి," అంది కత్తెరమ్మ సంబరంగా.

ఫోను పెట్టేసి భర్త మీద పడింది. "ఆ కొమ్మలన్నీ గుట్టగా పడున్నాయి. ఇవాళే తీసుకెళ్ళి చెత్త యార్డులో పడేసి రండి."

"రేపు."

"ఇవాళే!"

"సరే, రేపు పొద్దున్నే, ఒట్టు."

మర్నాడు సాయంత్రం "పడేశారా?" అని అడిగితే, "ఆఁ, అయిపోయింది," అన్నాడు. పెరట్లో గుట్ట కనిపించలేదు. కత్తెరమ్మకు ఆశ్చర్యమేసింది గానీ, ఎక్కువ అడిగితే మళ్ళీ మొరాయిస్తాడని ఊరుకుంది.

శనివారం బాబాయి తోపుడుబండి మీద మొక్కలు వేసుకుని వచ్చాడు. జామల్ని తడిమి చూసి మెచ్చుకున్నాడు. దానిమ్మను చూసి "నా దగ్గర పనికొస్తావా?" అని నవ్వాడు. కత్తెరమ్మ మొహం వెలిగిపోయింది. అలా నడుస్తూ మూలకొచ్చి, బత్తాయి దగ్గర ఆగి, నడుం వంచి, మసక కన్ను చికిలించి, మొదట్లో ఆ కోత మీద వేలు పెట్టి రాశాడు.

"ఇక్కడున్న చెట్టేదమ్మాయ్?"

"అదే కదా బాబాయ్, మీ ఎదురుగా ఉంది."

"ఇది చెట్టు కాదు. ఇది కింద వేరు. అడవి నిమ్మ. దీని మీద బత్తాయిని అంటుకడతారు. ఇదిగో, ఈ బుడిపె చూడు, ఇది అంటు కట్టిన చోటు. ఈ నాలుగూ బుడిపె కింది నుంచి లేచాయి. చూసేవాళ్ళు లేకపోతే ఇవి ఇట్లాగే లేచి పైదాని తిండంతా లాగేస్తాయి. పైన ఒక కొమ్మ ఉండాలే, వంకరగా, నీరసంగా?"

కత్తెరమ్మ ఆ కోత వైపు వంగి చూసింది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఉండేది," అంది ఎలాగో.

"అదే బత్తాయి," అన్నాడు బాబాయి. తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆమె కళ్ళ ముందు వదిన మొహం, ఆ 'అంతే' అన్న మాట. పోయిన మనిషి జ్ఞాపకం ఒకటే మిగిలితే దాన్ని రంపంతో కోసి, పైగా జడేసినట్టుందని ఫోనులో చెప్పింది! ఏ మొహం పెట్టుకుని చెప్పడం? ఎవరైనా నిలువుగా ఉన్నదాన్ని ఉంచి వంకరదాన్నే తీస్తారు కదా అని ఒకసారి తనని తనే సమర్థించుకోబోయింది. అదీ నిలబడలేదు.

"ఆ కొమ్మేం చేశావు?" అడిగాడు బాబాయి.

"చెత్త యార్డులో పడేయించాను. ఐదు రోజులైంది."

"ఎండలో ఐదు రోజులా..." అని ఆయన మాట మింగేశాడు. "అయినా ఒకసారి అడుగు. ఒక్క పచ్చి పుల్ల దొరికినా చాలు."

కత్తెరమ్మ భర్తకు ఫోను చేసింది. ఆయన ఎక్కడో లిఫ్టు గూట్లో ఉన్నాడు, గొంతు నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"ఏమండీ, ఆ కొమ్మలు యార్డులో ఏ మూల పడేశారు?"

అటునుంచి రేపుగారు గొంతు సవరించుకున్నాడు.

"మిమ్మల్నే! ఏ మూల?"

"ఇప్పుడెందుకు ఆ సంగతి?"

"చెప్పండి బాబూ, మీకు దణ్ణం పెడతాను."

"తిట్టనంటే చెప్తాను," అన్నాడు రేపుగారు. "నేను పడెయ్యలేదు. రేపు పడేద్దామనే అనుకున్నాను. నీ కంటబడితే గొడవని, బట్టలుతికే చాకిబండ వెనక గోడకానించి, నువ్వు తీసేసిన పాత తలుపు తెర ఉంది చూడు, మందంది, అది కప్పాను. ఇవాళ సాయంత్రం పడేస్తా, నిజంగా..."

కత్తెరమ్మ ఫోను పెట్టెయ్యడం కూడా మరిచిపోయి పరిగెత్తింది. చాకిబండ వెనక ఎండ పడని సందు. అక్కడ గోడకు ఆ కారే కుళాయి ఉంది. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ బాగుచెయ్యమని ఆమె నెత్తీ నోరూ బాదుకుంటున్న కుళాయి. అది బొట్టు బొట్టుగా తెర మీద పడుతోంది. తెర ముద్దగా తడిసి ఉంది. ఎత్తి చూసింది. కింద వంకర కొమ్మ, ఆకుల్తో సహా, పొద్దున కోసినట్టుంది.

వెనకే వచ్చిన బాబాయి ఓ రెమ్మ తీసుకుని గోటితో బెరడు గీరాడు. లోపల పచ్చగా తడి మెరిసింది.

"బతికే ఉందమ్మాయ్," అన్నాడు.

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఇన్నేళ్ళుగా ఏ బద్ధకాన్ని తిట్టిందో, దానికి చేతులెత్తి మొక్కాలనిపించింది. ఫోనులో ఇంకా "వింటున్నావా? తిట్టనన్నావు..." అని వినిపిస్తోంది.

"తిట్టను. ఇంటికొచ్చాక మీకిష్టమైంది వండి పెడతాను," అంది. ఆ మాటకి రేపుగారు నిజంగా భయపడ్డాడు.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. కన్ను అంటు కట్టాలి. అంటే రెమ్మ మీద ఆకు మొదట్లో ఉండే చిన్న మొగ్గను, దాన్నే కన్ను అంటారు, గోరంత బెరడుతో సహా చెక్కి, అడవి నిమ్మ కొమ్మకు గాటు పెట్టి, ఆ బెరడు లోపలికి దూర్చి కట్టాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టదు.

"నాకు చూపు ఆనదమ్మాయ్. రెండేళ్ళయింది నేను కట్టి. నేను చెప్తాను, నువ్వు చెయ్యి," అన్నాడు బాబాయి.

"నా చేత్తోనా?" అంది కత్తెరమ్మ. "ఈ చేత్తోనే కదా కొమ్మ కోశాను. నావల్ల కాదు బాబాయ్, ఇంకెవరినైనా పిలుద్దాం."

"పిలిచేలోగా ఇవి వాడతాయి. నువ్వు చొక్కాకి కాజాలు కుడతావా లేదా?"

"కుడతాను."

"ఇది కాజా, అది గుండీ. అంతే. పట్టు కత్తి."

కాజా అనేసరికి ఆమె చెయ్యి కాస్త నిదానించింది. ఆయన చెప్పినట్టు అడవి నిమ్మ కొమ్మ మీద, నేలకు జానెడు ఎత్తున, నిలువుగా ఒక గాటు, దాని తలపైన అడ్డంగా ఒక గాటు. బెరడు వరకే తెగాలి, లోపలి చెక్కకు తగలకూడదు. పై గుడ్డ తెగకుండా లోపలి అస్తరు ఒక్కటీ కత్తిరించే చెయ్యి అది. తెగింది. కత్తి వెనకవైపుతో బెరడును చొక్కా పట్టీలు విప్పినట్టు రెండు వైపులా విప్పింది. రెమ్మ మీది ఆకు తుంచేసి, దాని కాడ మాత్రం ఉంచి, కన్నును పల్చగా చెక్కి, కాడ పట్టుకుని లోపలికి జార్చింది. సరిగ్గా కూర్చుంది. పైన నాడాలా సన్నటి ప్లాస్టిక్ పట్టీతో గాలి దూరకుండా చుట్టింది.

నాలుగు కొమ్మల మీద ఏడు కట్టింది. ఏడోది అయ్యేసరికి ఆమె రవిక వీపంతా తడిసిపోయింది.

"ఇరవై ఒక్క రోజులు. ఈలోగా విప్పి చూశావో, చచ్చిందే," అన్నాడు బాబాయి. "విప్పినప్పుడు ఆ కాడను వేలితో తాకు. రాలిపోతే బతికినట్టే. ఎండి అతుక్కునుంటే పోయినట్టే."

"తిరగేసి చెప్తున్నారేమో!"

"లేదమ్మాయ్. లోపల కన్ను బతికితే దానికిక ఆ పాత కాడతో పనిలేదు, అదే వదిలేస్తుంది. చచ్చినదానికే వదలడం చేతకాదు."

ఆ ఇరవై ఒక్క రోజులూ ఎలా గడిచాయో ఆమెకే తెలియాలి. కత్తెర పట్టుకుంటే చెయ్యి ముందుకు పోయేది కాదు. ఒక చొక్కా చేతిని నాలుగుసార్లు కొలిచింది, సుద్దగీత గీసింది, మళ్ళీ కొలిచింది. కొలతలివ్వడానికి వచ్చినావిడ "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది కూడా.

అన్నిటికంటే కష్టం ఆదివారాలు.

"చెట్టెలా ఉంది?"

"బాగుంది వదినా."

ఆ మాట అన్న ప్రతిసారీ జరిగింది చెప్పేద్దామనుకునేది. రేపుగారు పక్కన నిలబడి చేతులూపేవాడు: "ఇప్పుడొద్దు, చెట్టు పట్టాక చెప్దాం. రేపెప్పుడైనా చెప్పొచ్చు." ఈ ఒక్క రేపుకు ఆమె కూడా తల వంచింది. మూడు ఆదివారాలు అలాగే గడిచాయి.

పంతొమ్మిదో రోజు గురువారం. పొద్దున్నే ఆమె మిషనుకు నూనె వేస్తోంది. తలుపు చప్పుడైంది. తీస్తే వదిన. భుజాన సంచీ, చేతిలో గొడుగు, ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు.

"లోపలికి రండి వదినా, మంచినీళ్ళు..."

"నీళ్ళు తరవాత. మూడు వారాలుగా నువ్వు 'బాగుంది' తప్ప ఇంకో మాట అనలేదు," అంది వదిన గుమ్మంలోనే నిలబడి. "ముప్ఫై ఏళ్ళు వార్డులో చేశాను. పేషెంటు బాగుంటే ఇంటివాళ్ళు కథలు చెప్తారు. ఏం తిన్నాడో, ఎంత విసిగించాడో. బాగాలేనప్పుడే 'బాగుంది' అంటారు. ఏమైంది?"

కత్తెరమ్మ చెప్పేసింది. దాచకుండా, తడుముకోకుండా, కొమ్మ కోసిన దగ్గర్నుంచి పట్టీ చుట్టిన దాకా. తప్పు తనదేనని, కావాలని చేసింది కాదని, అబద్ధం మాత్రం కావాలనే ఆడానని. లోపల్నుంచి వచ్చిన రేపుగారు అక్కను చూసి అలవాటు ప్రకారం నిటారుగా నిలబడిపోయాడు.

వదిన సంచీ భుజాన ఉండగానే పెరట్లోకి నడిచింది. బత్తాయి మొదట్లో ఆ కోత ముందు నిలబడింది. తరవాత కట్లను ఒక్కొక్కటిగా ముట్టకుండా లెక్కపెట్టింది.

"ఎన్ని రోజులైంది?"

"పంతొమ్మిది."

"ఇంకా రెండు రోజులుంది," అంది. "ఉంటాను."

ఆవిడకు లెక్క ఎలా తెలుసో అడిగే ధైర్యం కత్తెరమ్మకు లేకపోయింది.

ఆ రెండు రోజులూ ఇంట్లో గాలి కూడా పిల్లిలా అడుగులేసింది. వదిన తిట్టలేదు, అలగలేదు, పెట్టింది తింది. జామల కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. శుక్రవారం నాడు చాకిబండ దగ్గర కాళ్ళు కడుక్కుంటూ, "ఈ కుళాయి ఇంకా కారుతోందా?" అని అడిగింది.

రేపుగారు ఒక్క ఉదుటున పానా పట్టుకొచ్చాడు. "ఇప్పుడే చేసేస్తానక్కా!"

"దాని జోలికి వెళ్ళకండి!" అని అరిచింది కత్తెరమ్మ, ఎందుకు అరిచిందో తనకే తెలియకుండా. వదిన అటు తమ్ముణ్ణీ ఇటు మరదల్నీ చూసింది. నవ్వు మూతి దాకా వచ్చినట్టే ఉంది గానీ, ఆగిపోయింది.

శనివారం పొద్దున బాబాయి వచ్చాడు. కత్తెరమ్మ పట్టీ మీద చెయ్యి వెయ్యబోయింది.

"జరుగు," అంది వదిన. "కట్లు విప్పడం నా పని."

ఆవిడ నేల మీద మోకాళ్ళూని కూర్చుంది. మొదటి కట్టు విప్పింది. నొప్పి తెలియకూడదన్నట్టు నెమ్మదిగా, చుట్టు తరవాత చుట్టు. కన్ను నల్లగా ఉంది. కాడను వేలితో తాకింది. రాలలేదు. ఎండి, కరుచుకుని ఉంది.

రెండోది విప్పింది. అదీ అంతే.

మూడోది. అదీ నలుపే. కత్తెరమ్మ కళ్ళు మూసుకుంది. కుళాయి బొట్టు చప్పుడు వినిపిస్తోంది.

నాలుగో కట్టు దగ్గర వదిన చెయ్యి ఆగింది. ఆ ఆగడం చూడకపోయినా తెలిసింది కత్తెరమ్మకు. కళ్ళు తెరిచింది. బెరడు మధ్యలో కన్ను పచ్చగా, పెసరగింజంత, ఉబ్బి ఉంది. వదిన చూపుడువేలు కాడను తాకీ తాకగానే అది టప్పున రాలి మట్టిలో పడింది.

"రాలిపోయింది," అంది వదిన. "రాలిపోయిందే!"

ఐదోది రాలింది. ఆరోది రాలలేదు. ఏడోది రాలింది. ఏడింట్లో మూడు.

వదిన అలాగే మట్టిలో చతికిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. "మీ అన్నయ్యగారు పదకొండు కట్టారు. ఇరవై ఒక్క రోజులు ఆయన నన్ను నిద్రపోనివ్వలేదు. ఇవాళ పదోరోజు, ఇవాళ పదిహేనో రోజు అని లెక్క. ఒక్కటే పట్టింది. ఆ పొద్దున పరిగెత్తుకొచ్చి 'రాలిపోయిందోయ్, రాలిపోయింది' అని గంతులేశారు. నేను డ్యూటీకి వెళ్ళే తొందరలో ఉన్నాను. రాలిపోతే సంబరమేంటి, మతి పోయిందా అని కసురుకుని వెళ్ళిపోయాను. వచ్చి చూసింది కూడా లేదు." ఆవిడ ఆ రాలిన కాడను మట్టిలోంచి తీసి అరచేతిలో పెట్టుకుంది. "ఇవాళ చూశాను."

కత్తెరమ్మ పక్కనే కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. మూడు వారాల తరవాత మొదటిసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

"ఇక కన్ను పైనున్న ముళ్ళకొమ్మ కోసెయ్యాలి. అప్పుడే తిండి దీనికి అందుతుంది," అన్నాడు బాబాయి.

కత్తెరమ్మ గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. "మీరు కొయ్యండి బాబాయ్."

వదిన లేచి, కొమ్మలు కోసే కత్తెర తీసి, ఆమె చెయ్యి ముందుకు లాగి అందులో పెట్టింది. "నువ్వే కొయ్యి. ఆయనకి పదకొండుకి ఒకటి. నీకు ఏడుకి మూడు. ఇంత మంచి చెయ్యిని నేనెక్కడ వెతకను?"

కత్తెరమ్మ ఒకసారి చూసింది. రెండోసారి చూసింది. కన్నుకు నాలుగు వేళ్ళు పైన, ఏటవాలుగా, కోసింది. ముళ్ళకొమ్మ పక్కకు ఒరిగి పడింది. కింద ఆ పెసరగింజంత పచ్చదనం మీద పొద్దుటి ఎండ పడింది.

"ఈ కొమ్మలు నేను పడేసి వస్తాను," అని రేపుగారు ముందుకొచ్చాడు.

"ఇప్పుడే వద్దు!" అన్నారు ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి. బాబాయి పడీ పడీ నవ్వాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వదిన మళ్ళీ జామ కింద కుర్చీ వేసుకుంది. ఎప్పుడూ గడియారం చూసి బయల్దేరే మనిషి, సంచీ సర్దనే లేదు. రేపుగారు గుమ్మంలో నిలబడి తటపటాయిస్తూ అడిగాడు.

"అక్కా, ఆటో పిలవనా? ఎప్పుడు బయల్దేరతావు?"

వదిన కాళ్ళు చాపుకుని, బత్తాయి వైపు చూస్తూ, తీరిగ్గా అంది.

"రేపు."